కాంట చీటీ, మధ్యలో ఒక హమాలి

నేను చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియం. పరీక్షలకు తప్ప తెలుగులో ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే క్లబ్ సీనియర్లు దిద్దుతారు, మీరు క్షమిస్తారు. ఇంగ్లిష్‌లో రాయొచ్చు కదా అంటే, రాస్తే మా మామ చదవడు. ఇది మామ కాంటలో జరిగిన కథ కాబట్టి ఆయన చదవాలి.

మా మేనమామకు నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద, ఎడపల్లి దగ్గర ఒక వే బ్రిడ్జి ఉంది. మా దిక్కు ధర్మకాంట అంటారు. లారీ గానీ ట్రాక్టర్ గానీ ఇనుప ప్లాట్‌ఫాం మీదికి ఎక్కుతుంది. కింద ఉన్న లోడ్ సెల్స్ బరువును కరెంటు సిగ్నల్‌గా మారుస్తాయి. క్యాబిన్‌లో ఉన్న ఇండికేటర్ ఆ అంకెను ఎర్రగా చూపిస్తుంది, సీరియల్ కేబుల్ మీద కంప్యూటర్‌కు పంపిస్తుంది. కంప్యూటర్ చీటీ కొడుతుంది. వడ్ల ట్రాలీ నిండుగా వచ్చినప్పుడు 8,460 కిలోలు, ఖాళీగా తిరిగొచ్చినప్పుడు 3,180. అంటే సరుకు 5,280 కిలోలు. రైతుకు పైసలు వచ్చేది ఈ చివరి అంకె మీదనే.

మొన్న ఎండాకాలం సెలవుల్లో మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, కంప్యూటర్ల చదువే గదా నీది. కొత్త ల్యాప్‌టాప్ కొన్న. దాంట్ల నుంచి కాంట ప్రింటర్‌కు ఒక్క కాయితం పోతలేదు. జర వచ్చి చూస్తవా?"

అరగంట పని అనుకుని పోయాను. ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజుల్లో నేర్చుకున్నది రెండు సెమిస్టర్ల నెట్‌వర్క్స్ క్లాసులో కూడా నాకు ఎక్కలేదు. అందుకే ఈ వ్యాసం.

పాతవి పారేస్తే పోలేదా?

క్యాబిన్‌లో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్. అందులో నడిచేది డాస్ కాలం నాటి కాంట ప్రోగ్రాం. నీలం స్క్రీన్, పసుపు అక్షరాలు, మౌస్ అక్కర్లేదు. ప్రింటర్ తొమ్మిది పిన్నుల డాట్ మ్యాట్రిక్స్, వెనుక వెడల్పాటి ప్యారలల్ కేబుల్. పక్క గదిలో, అంటే ఆఫీసులో, విండోస్ 11 ల్యాప్‌టాప్. మామకు కావలసింది చాలా చిన్నది. నెల బిల్లులు ల్యాప్‌టాప్‌లో చేసి అదే ప్రింటర్ మీద కొట్టాలి.

"మామా, అన్నీ కొత్తవి పెడదాం" అన్నాను. ఆయన నవ్వాడు. ఎందుకు నవ్వాడో తర్వాత అర్థమైంది.

ఒకటి, ఆ డాస్ ప్రోగ్రాం 16 బిట్లది. 64 బిట్ల విండోస్ దాన్ని అసలు నడపదు. రెండు, చీటీ మూడు కాపీలు రావాలి. తెల్లది బండి డ్రైవర్‌కు, గులాబీది కొనేవాళ్లకు, పసుపుది మామ ఫైల్‌లోకి. డాట్ మ్యాట్రిక్స్‌లో పిన్నులు రిబ్బన్ మీద గట్టిగా కొడతాయి, ఆ దెబ్బ మూడు పొరల కాగితం మీదా పడుతుంది. లేజర్ ప్రింటర్ కాగితాన్ని కొట్టదు, పైన పొడి అతికిస్తుంది. కాబట్టి కింది పొరలు ఖాళీగానే ఉంటాయి. మూడు కాగితాలు వేరువేరుగా కొడితే, మూడింటిలో ఒకటే అంకె ఉందని రైతు ఎట్లా నమ్ముతాడు? ఒకే దెబ్బకు పడిన మూడు కాపీలే సాక్ష్యం.

ఈ సాక్ష్యం సంగతి మా ఇంట్లో పాతదే. శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. మా తాతయ్య ఎడ్లబండిలో చెరుకు అక్కడికే తోలేవాడు. రాత్రంతా లైన్‌లో ఉండి, తూకం అయ్యాక చీటీ తీసుకుని దోవతి కొంగుకు ముడి వేసుకునేవాడట. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది, నాకప్పుడు తొమ్మిదేళ్లు. తాతయ్య ట్రంకు పెట్టెలో ఆ చీటీలు ఇంకా ఉన్నాయి. కాంట చీటీ రాకపోతే బండి కదలదు, కదిలినా తర్వాత గొడవే. అందుకని నడుస్తున్న పాతదాన్ని ఆపకుండా కొత్తదాన్ని దానికి కలపాలి. అదీ నా పని.

పింగ్ పోతుంది, ప్రింట్ పోదు

మొదటి రోజు రెండు కంప్యూటర్లనూ ఒకే రౌటర్‌కు కలిపాను. ల్యాప్‌టాప్ నుంచి ఎక్స్‌పీకి పింగ్ చేస్తే జవాబు వచ్చింది. సంతోషించాను. షేర్ చేసిన ప్రింటర్‌ను తెరవబోతే నెట్‌వర్క్ పాత్ దొరకలేదని ఎర్రర్. తీగ బాగుంది, అడ్రస్ బాగుంది, అవతలి వాడు బతికే ఉన్నాడు. మరి ఎందుకు మాట్లాడుకోవు?

ఇక్కడ మన ఊరి రైలు కథ చెప్పాలి. నిజాం కాలంలో సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ దాకా వేసిన లైను మీటర్ గేజ్. పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్లు. సికింద్రాబాద్ నుంచి వాడి వైపు, కాజీపేట వైపు పోయేవి బ్రాడ్ గేజ్, 1,676 మిల్లీమీటర్లు. రెండూ రైళ్లే, రెండూ ఇనుప పట్టాలే. అయినా మన వ్యాగన్ అటు పోలేదు. సరుకు దింపి అవతలి వ్యాగన్‌లోకి ఎక్కించాలి. ఆ పని చేసేవాడు హమాలి. అతనికి ఇటు వ్యాగనూ తెలుసు, అటు వ్యాగనూ తెలుసు. పట్టాలు మార్చే పని లేదు, బస్తా మాత్రం చేరుతుంది.

ప్రింటింగ్‌లో కూడా ఇట్లాంటి గేజ్‌లు ఉన్నాయి. ఒకటి కాదు, మూడు.

మొదటిది తీగ: ప్యారలల్, యూఎస్‌బీ, ఈథర్‌నెట్, వైఫై. రెండోది మర్యాద: "నేను ఫలానా, ఒక జాబ్ పంపుతున్నా, తీసుకో" అని అడిగే పద్ధతి. దీన్నే ప్రోటోకాల్ అంటాం. మూడోది భాష: లోపల ఉన్న పేజీని ప్రింటర్‌కు చెప్పే తీరు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కలవకపోయినా కాగితం రాదు, లేదా పిచ్చి అక్షరాలు వస్తాయి. పింగ్ పరీక్షించేది తీగను, అడ్రస్‌ను మాత్రమే. మిగతా రెండు గేజ్‌ల గురించి అది ఏమీ చెప్పదు. మనం చేసే తప్పు ఏందంటే, మూడింటినీ కలిపి "ప్రింటర్ పనిచేస్తలేదు" అనేయడం.

మర్యాద ఎందుకు కలవలేదు

1980లు, 90లలో ఒక్కో కంపెనీది ఒక్కో మర్యాద. నోవెల్ నెట్‌వేర్ ఉన్న ఆఫీసులో ఐపీఎక్స్, యాపిల్ వాళ్లకు యాపిల్‌టాక్, మైక్రోసాఫ్ట్ ప్రపంచంలో నెట్‌బీయూఐ మీద నడిచే ఎస్ఎంబీ, యూనిక్స్ వాళ్లకు ఎల్‌పీడీ. ఒకే గదిలో ఒకే తీగ మీద ఉన్నా ఒకరి మాట ఒకరికి తెలియదు. ఎల్‌పీడీ పద్ధతిని 1990లో ఆర్ఎఫ్‌సీ 1179గా అందరికీ తెలిసేలా రాసిపెట్టారు. అది 515 నంబర్ పోర్ట్ మీద వింటుంది. తర్వాత వచ్చిన ఐపీపీ 631 మీద వింటుంది. చాలా నెట్‌వర్క్ ప్రింటర్లు 9100 మీద ఏ మర్యాదా లేకుండా నేరుగా బైట్లు తీసుకుంటాయి.

మైక్రోసాఫ్ట్ ఎస్ఎంబీని యూనిక్స్‌కు నేర్పింది ఒక విద్యార్థి. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రాలో పీహెచ్‌డీ చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1991-92 మధ్య ఆ పని మొదలుపెట్టాడు. తీగ మీద పోయే ప్యాకెట్లను గమనిస్తూ, ఎవరు ఏం అడిగితే ఎవరు ఏం జవాబిస్తున్నారో చూసి ప్రోగ్రాం రాశాడు. మొదట పెట్టిన పేరు మార్చాల్సి వస్తే, ఎస్, ఎం, బీ అక్షరాలు వరుసగా వచ్చే మాటల కోసం డిక్షనరీలో వెతికాడు. అట్లా దొరికిన పేరే సాంబా. మనం ల్యాబ్‌లో వైర్‌షార్క్ తెరిచి రికార్డు కోసం స్క్రీన్‌షాట్ తీసుకుని మూసేస్తాం కదా, అదే పనిని అతను ఓపికగా చేశాడు.

మామ కాంటలో గొడవ కూడా ఎస్ఎంబీ దగ్గరే. ఎక్స్‌పీకి వచ్చింది మొదటి వెర్షన్ ఒక్కటే. విండోస్ 10కు 2017 అక్టోబర్‌లో వచ్చిన అప్‌డేట్ నుంచి మైక్రోసాఫ్ట్ ఆ వెర్షన్‌ను మామూలుగా ఇవ్వడం ఆపేసింది. అంటే మా ల్యాప్‌టాప్‌కు పాత మర్యాద రాదు, ఎక్స్‌పీకి కొత్తది రాదు.

యూట్యూబ్‌లో వెతికితే ప్రతి వీడియో ఒకటే చెప్పింది: కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి ఎస్ఎంబీ 1 ఆన్ చేయి. చేశాను. ప్రింటర్ కనిపించింది! మామ చాయ్ తెప్పించాడు. బిల్లు పంపితే ప్రింటర్ గరగరమని రెండడుగుల కాగితం మీద హృదయం గుర్తులు, విరిగిన గీతలు, అర్థం కాని అక్షరాలు కొట్టింది. చాయ్ చల్లారిపోయింది.

మూడో గేజ్: పేజీ భాష

నేను తొందరలో ఏదో లేజర్ ప్రింటర్ డ్రైవర్ పెట్టాను. అది లేజర్ భాషలో పేజీని పంపింది. మన డాట్ మ్యాట్రిక్స్‌కు వచ్చింది ఎప్సన్ వాళ్లు తయారుచేసిన ఈఎస్‌సీ/పీ భాష. మన దగ్గర కాంటల్లో, మిల్లుల్లో కనిపించే తొమ్మిది పిన్నుల ప్రింటర్లు ఎక్కువగా దీన్నే అర్థం చేసుకుంటాయి.

ఈ భాష చాలా సులువు. 65 అనే బైట్ పంపితే ఇంగ్లిష్ అక్షరం 'ఏ' పడుతుంది. 27, 64 వరుసగా పంపితే ప్రింటర్ తన సెట్టింగులన్నీ మొదటికి తెచ్చుకుంటుంది. 27, 69 పంపితే అక్కడి నుంచి అక్షరాలు లావుగా వస్తాయి. 12 పంపితే పేజీని పైకి తోస్తుంది. 27 అంటే "ఆగు, ఇప్పుడు వచ్చేది అక్షరం కాదు, ఆర్డర్" అని సైగ. లేజర్ భాషలోని ఆర్డర్లను మన ప్రింటర్ అక్షరాలనుకుని అచ్చు కొట్టింది. దాని తప్పేమీ లేదు.

తొమ్మిది పిన్నుల ఎప్సన్ డ్రైవర్ పెట్టగానే బిల్లు చక్కగా వచ్చింది. మామ దృష్టిలో పని అయిపోయింది. నేను ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు.

ఆన్ చేసినదాన్ని మళ్లీ ఎందుకు ఆఫ్ చేశాను

2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి దూకింది ఈ ఎస్ఎంబీ 1లో ఉన్న రంధ్రం గుండానే. ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీస్ కార్యాలయాల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. ఎక్స్‌పీకి మామూలు సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తోనే ముగిసింది.

మామ కంప్యూటర్ అంతవరకు ఇంటర్నెట్ లేకుండా ఒంటరిగా ఉంది, అందుకే భద్రంగా ఉంది. నేను పోయి దాన్ని రౌటర్‌కు కలిపి, ల్యాప్‌టాప్‌లో పాత తలుపు తెరిచి వచ్చాను. ఆ ల్యాప్‌టాప్‌లోనే మామ వాట్సాప్‌లో వచ్చిన ప్రతి ఫైలూ తెరుస్తాడు. వడ్ల సీజన్ మధ్యలో ఆ ఎక్స్‌పీ లాక్ అయితే? ఇన్నేళ్ల తూకాల లెక్కలు అందులోనే ఉన్నాయి.

తెల్లారి పొద్దున్నే పోయి కేబుల్ పీకేశాను. "నిన్న మంచిగ నడిచె గదా!" అన్నాడు మామ. "నడిచింది మామా, కానీ తలుపు తీసి పండుకున్నట్టు" అన్నాను. ముందుగా ఆ లెక్కల ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. మీరు ఎక్కడ ఇట్లాంటి పని మొదలుపెట్టినా మొదటి మెట్టు ఇదే. నాకు మూడో రోజు గుర్తొచ్చింది.

హమాలిని పెట్టడం

గోదాంలో బస్తాల వెనుక ఇంకో పాత డెస్క్‌టాప్ పడి ఉంది. దుమ్ము దులిపితే నడిచింది. వెనుక ప్యారలల్ పోర్ట్ కూడా ఉంది. నిజామాబాద్‌లో ఇంకో నెట్‌వర్క్ కార్డు కొని అందులో పెట్టాను. ఇప్పుడు దానికి రెండు కార్డులు. ఒకదాని నుంచి నేరుగా ఎక్స్‌పీకి తీగ, రెండోదాని నుంచి రౌటర్‌కు తీగ. ఒకవైపు వచ్చిన ట్రాఫిక్ రెండోవైపు పోకుండా ఫార్వర్డింగ్ ఆపేశాను. ప్రింటర్‌ను దీనికే తగిలించాను. మీటర్ గేజ్ ఒకవైపు, బ్రాడ్ గేజ్ ఒకవైపు, మధ్యలో హమాలి. బస్తా దాటుతుంది, బండి దాటదు.

దాంట్లో లినక్స్ వేసి కప్స్ పెట్టాను. కప్స్ అంటే మైకేల్ స్వీట్ రాసిన ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్, 1999లో వచ్చింది. తర్వాత యాపిల్ కూడా దాన్నే తీసుకుంది. దాంట్లో ఒకే ప్రింటర్‌కు రెండు క్యూలు చేశాను.

మొదటి క్యూ ఎక్స్‌పీ కోసం. ఇది ఎల్‌పీడీ మర్యాదతో జాబ్ తీసుకుంటుంది, లోపలి బైట్లను ముట్టుకోకుండా ప్రింటర్‌కు ఇస్తుంది. డాస్ ప్రోగ్రాం ఈఎస్‌సీ/పీలోనే మాట్లాడుతుంది కాబట్టి అనువాదం అక్కర్లేదు. రెండో క్యూ ల్యాప్‌టాప్ కోసం. ఐపీపీ మర్యాదతో పేజీ తీసుకుని, దాన్ని తొమ్మిది పిన్నుల చుక్కలుగా మార్చి పంపుతుంది. రెండు క్యూల నుంచి ఒకేసారి జాబ్ వస్తే ఒకటి అయ్యేదాకా ఇంకోటి ఆగుతుంది.

ఎక్స్‌పీకి ఎల్‌పీడీ మర్యాద పుట్టుకతో రాదు. కానీ విండోస్ సీడీలో "ప్రింట్ సర్వీసెస్ ఫర్ యూనిక్స్" అని ఒకటి ఉంటుంది, వేసుకోవాలి. ఆ సీడీ మా అత్తమ్మ బీరువాలో చీరల కింద దొరికింది. ఇప్పటికీ ఎవరు, ఎందుకు అక్కడ పెట్టారో తెలియదు.

ఇంకో చిక్కు మిగిలింది. డాస్ ప్రోగ్రాంకు నెట్‌వర్క్ అనే మాటే తెలియదు. అది ఎల్‌పీటీ1 అనే పోర్ట్‌కు మాత్రమే పంపుతుంది, అక్కడ ఇప్పుడు ప్రింటర్ లేదు. దీనికి పాత చిట్కా ఉంది. ఎక్స్‌పీలో కొత్త ప్రింటర్‌ను ఎల్‌పీఆర్ పోర్ట్ మీద పెట్టి, దాన్ని షేర్ చేసి, "నెట్ యూజ్" కమాండ్‌తో ఎల్‌పీటీ1ను ఆ షేర్‌కు కట్టేయాలి. అంటే ఎక్స్‌పీ తనతో తానే ఎస్ఎంబీ మాట్లాడుకుంటుంది. ఆ మాట తీగ మీదికి రాదు. ప్రోగ్రాం మాత్రం తన పాత పోర్ట్‌కే పంపుతున్నా అనుకుంటుంది.

చీటీ వచ్చింది. కానీ బటన్ నొక్కిన పదిహేను సెకన్లకు. డాస్ ప్రోగ్రాం "నా జాబ్ అయిపోయింది" అని చెప్పదు. కాబట్టి ఎక్స్‌పీ ఇంకేమైనా వస్తుందేమో అని అంతసేపు ఎదురుచూస్తుంది. రిజిస్ట్రీలో ఆ గడువును మూడు సెకన్లకు తగ్గించాను. ట్రాక్టర్ల లైన్ మళ్లీ మామూలుగా కదిలింది.

చీటీ ఎవరు చదవాలి?

ఇక్కడితో ఆపితే ఇది మామూలు టెక్ వ్యాసం. ఐదో రోజు క్యాబిన్‌లో కూర్చుని ఉంటే ఒక పెద్దాయన చీటీ తీసుకుని మామ ముందు పెట్టాడు. "పటేలా, ఇండ్ల నాదెంతనో చెప్పు." మామ వేలు పెట్టి చూపించాడు. చీటీ మీద అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి: గ్రాస్, టేర్, నెట్. అంకెలు ఆయనకు వచ్చు. మూడు అంకెల్లో తనది ఏదో తెలియదు. నేను ఇన్ని రోజులు రెండు కంప్యూటర్ల మధ్య గేజ్ కలిపాను. కాగితానికీ దాన్ని చదివే మనిషికీ మధ్య ఉన్న గేజ్ మాత్రం చూడలేదు.

తెలుగులో కొడదాం అనుకున్నాను. ప్రింటర్ మెమరీలో తెలుగు అక్షరాలు లేవు. 1980లలో ఈ సమస్యకే సీడాక్ వాళ్లు జిస్ట్ అనే కార్డు తెచ్చారు. డాస్ కంప్యూటర్‌లో దాన్ని పెడితే భారతీయ భాషలు తెర మీదా, ప్రింటర్ మీదా వచ్చేవి. ఇప్పుడు యూనికోడ్ ఉంది, ఫాంట్లు ఉన్నాయి. కాబట్టి మధ్యలో ఉన్న లినక్స్‌లో చిన్న పైథాన్ ప్రోగ్రాం రాశాను. అది వచ్చిన ఇంగ్లిష్ మాటలను "మొత్తం బరువు", "ఖాళీ బండి", "సరుకు బరువు" అని మార్చి, పేజీని బొమ్మలా గీసి, చుక్కలుగా ప్రింటర్‌కు పంపుతుంది.

వచ్చింది! వత్తులు, గుణింతాలతో సహా. నా జీవితంలో నేను అచ్చు వేసిన మొదటి తెలుగు. కానీ ఎనిమిది సెకన్లలో వచ్చే చీటీకి నలభై సెకన్లు పట్టింది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు, బొమ్మకు ప్రతి చుక్కా పంపాలి. వెనుక లారీ డ్రైవర్లు హారన్ కొట్టడం మొదలుపెట్టారు.

నేను మొహం వేలాడేసుకుని కూర్చున్నాను. మామ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "అల్లుడా, ఈ మాటలు ప్రతి చీటీ మీద ఒకటే గదా. ప్రెస్సుల ముందే అచ్చేయిస్తే అయిపాయె. మిషిన్ ఉట్టి అంకెలు కొడ్తది" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆరో రోజు నిజామాబాద్ ప్రెస్‌లో మూడు రంగుల కాగితం మీద తెలుగు గడులు అచ్చుకు ఇచ్చాం. "సరుకు బరువు" గడి మిగతావాటికంటే పెద్దగా పెట్టమన్నాను. నా పైథాన్ ప్రోగ్రాం ఇప్పుడు ఒకే పని చేస్తుంది: ఇంగ్లిష్ మాటలు తీసేసి, అంకెలను సరైన గడిలోకి జరుపుతుంది. చీటీ మళ్లీ ఎనిమిది సెకన్లకే వస్తోంది.

మీకు ఇట్లాంటి పని తగిలితే

మీ ఊరి రైస్ మిల్లులోనో, మెడికల్ షాపులోనో ఇట్లాంటి పాత ప్రింటర్ ఒకటి తప్పకుండా ఉంటుంది. "కంప్యూటర్ సైన్స్ గదా" అని మిమ్మల్నే పిలుస్తారు. నాలుగు మాటలు గుర్తుంచుకోండి. ముందు లెక్కలు కాపీ చేయండి. తీగ, మర్యాద, భాష: మూడింటినీ వేరువేరుగా పరీక్షించండి. అస్సలు కనిపించకపోతే మర్యాద చూడండి, పిచ్చి అక్షరాలు వస్తే భాష చూడండి. పాత తలుపు తెరిచే బదులు మధ్యలో ఒక హమాలిని పెట్టండి, దానికి పనికిరాదని పక్కన పడేసిన కంప్యూటరే చాలు. చివరిది, ఆ కాగితం ఎవరి చేతికి పోతుందో అక్కడ ఒక గంట కూర్చుని చూడండి.

నేను కాలేజీకి తిరిగొచ్చాక మామ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. ఆ పెద్దాయనే, చేతిలో గులాబీ రంగు చీటీ. కింద మామ వాయిస్ మెసేజ్: "ఇయ్యాల నన్ను అడగలేదు అల్లుడా, ఆయనే చదువుకున్నడు."